మహమ్మద్ హబీబ్

మహమ్మద్ హబీబ్ (జూలై 17, 1949 - ఆగష్టు 15, 2023) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. భారత జాతీయ జట్టు సభ్యునిగా 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం సాధించాడు. 1966 నుండి 1984 వరకు కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్‌ల తరఫున ఆడాడు. సహచర ఆటగాళ్ళు చాలామంది బ్యాంకులలో, రైల్వేలలో ఉద్యోగం చేస్తూ ఆడిన రోజులలో, ఇతడు ఏ ఉద్యోగమూ స్వీకరించక కేవలం ఆటనే వృత్తిగా చేసుకున్నాడు. అందువలన ఇతనిని భారతదేశపు తొలి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు అని చెబుతుంటారు. అభిమానులు, తోటి ఆటగాళ్ళు ఇతనిని "బడే మియా" అని పిలిచేవారు.

నేపథ్యం

హబీబ్ హైదరాబాదులో ఒక ఫుట్‌బాల్ కుటుంబంలో జన్మించాడు. ఇతని తమ్ముడు మహమ్మద్ అక్బర్ కూడా కలకత్తా మైదానంలో పేరు పొందిన ఆటగాడు. హబీబ్ బాల్యం గడచిన కాలం హైదరాబాదు ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొంది. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాన్ని పొందింది. 1963లో రహీం మరణించాడు.

హైదరాబాదులో ఆటగాళ్ళకు కొదవ లేకపోయినా, ఆటపైనే బ్రతకగలిగిన పరిస్థితి లేదు. పోలీసు జట్టులో చేరినవానికి పోలీసు ఉద్యోగమే ఆధారం. వేలాది ప్రేక్షకులు, ఆటగాడికి డబ్బు ఇవ్వగల క్లబ్బులు ఉన్నది కలకత్తాలో. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరి దారి చూపాడు. హబీబ్ 1966లో, పదిహేడేళ్ళ వయసులో, అదే క్లబ్బుకు వెళ్ళాడు.

మూడు క్లబ్బుల మధ్య

ఆనాటి కలకత్తాలో ఆటగాళ్ళ బదిలీ పద్ధతి ఇప్పటి ఒప్పందాల వంటిది కాదు. ఆటగాడు ప్రతి సంవత్సరం రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం కార్యాలయానికి వెళ్ళి, ఆ ఏడాది ఏ క్లబ్బుకు ఆడతాడో సంతకం చేయాలి. సంతకాల రోజులు దగ్గరపడితే పేరున్న ఆటగాళ్ళను క్లబ్బుల మనుషులు రహస్యంగా దాచి ఉంచడం కూడా మామూలే. కాగితాల మీద అందరూ అమెచ్యూర్లే. డబ్బు మాత్రం చేతులు మారేది. ఇంగ్లండులో 1885లోను, స్కాట్లండులో 1893లోను ఆటకు వేతనం తీసుకోవడాన్ని అక్కడి సంఘాలు చట్టబద్ధం చేశాయి. ఆ దేశాలలో ఏటేటా క్లబ్బు మారే ఆటగాడు వింత కాదు. భారతదేశంలో అటువంటి వృత్తికి పేరు కూడా స్థిరపడక ముందే హబీబ్ దానిని అవలంబించాడు.

1968లో ఇతడు మోహన్ బగాన్‌కు మారాడు. 1970లో తిరిగి ఈస్ట్ బెంగాల్‌కు వచ్చాడు. 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్, 1976లో మోహన్ బగాన్, 1979లో మళ్ళీ మహమ్మడన్, 1980లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్, 1982లో మళ్ళీ మోహన్ బగాన్. అంటే పద్దెనిమిది సంవత్సరాలలో ఏడుసార్లు క్లబ్బు మారాడు. మూడు క్లబ్బుల మైదానాలు ఒకదాని నుండి మరొకదానికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉన్నా, వాటి అభిమానుల మధ్య దూరం మాత్రం చాలా ఎక్కువ. ఈస్ట్ బెంగాల్ తూర్పు బెంగాలు నుండి వలస వచ్చినవారి క్లబ్బు. మోహన్ బగాన్ పశ్చిమ బెంగాలు స్థానికులది. మహమ్మడన్ ముస్లిముల ఆదరణ పొందినది. 1980 ఆగష్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట సందర్భంగా జరిగిన ఘర్షణలలో 16 మంది అభిమానులు మరణించారంటే ఆ స్పర్ధ తీవ్రతను ఊహించవచ్చు. అటువంటి చోట ఇన్నిసార్లు పక్షం మార్చిన హబీబ్‌ను మూడు క్లబ్బులవారూ తమవాడిగానే చెప్పుకోవడం విశేషం. పొట్టి మనిషి అయినా బంతి కోసం చివరి నిమిషం వరకు పోరాడే ఇతని తత్వమే అందుకు కారణమనిపిస్తుంది. ఏ చొక్కా వేసుకున్నా ఆటలో తేడా ఉండేది కాదు.

1970 నుండి 1975 వరకు ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరుసార్లు కలకత్తా లీగును గెలిచింది. వాటిలో మొదటి ఐదింటిలో హబీబ్ ఉన్నాడు. 1973 ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఉత్తర కొరియాకు చెందిన ప్యోంగ్యాంగ్ జట్టును ఓడించడం ఆ కాలపు మరపురాని విజయం. 1976లో అన్నదమ్ములిద్దరూ మోహన్ బగాన్‌లో ఉండగా, ఈస్ట్ బెంగాల్‌తో జరిగిన లీగు ఆటలో అక్బర్ 17 సెకండ్లకే గోల్ చేశాడు. 1977లో మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడింటినీ ఒకే ఏడాది గెలుచుకొంది. 1980లో ఈస్ట్ బెంగాల్ నుండి ఆటగాళ్ళు మూకుమ్మడిగా వెళ్ళిపోయినపుడు, ఖాళీ అయిన ఆ జట్టుకు సీనియర్ ఆటగాడిగా వచ్చినవాడు హబీబ్. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫెడరేషన్ కప్పును సంయుక్తంగా పంచుకొన్నాయి.

పెలే జట్టుతో ఆట

1977 సెప్టెంబరు 24న పెలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చాడు. పెలే ఆటకు స్వస్తి చెప్పడానికి అప్పటికి వారం రోజులే ఉంది. వాన వలన తడిసి ముద్దయిన ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2 గోల్స్‌తో ఆటను సమం చేసింది. మోహన్ బగాన్ గోల్స్ చేసినవారు శ్యామ్ థాపా, హబీబ్. కాస్మోస్ పక్షాన బ్రెజిల్ మాజీ కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో, పెనాల్టీ ద్వారా ఇటలీకి చెందిన కినాల్యా గోల్స్ చేశారు. హబీబ్ పేరు తెలియనివారికి సైతం ఈ ఆట గుర్తుండటం కద్దు.

జాతీయ జట్టులో

హబీబ్ 1967లో కౌలాలంపూర్‌లో జరిగిన మెర్డేకా పోటీలలో భారత జట్టులో ప్రవేశించాడు. 1969 సంతోష్ ట్రోఫీలో బెంగాల్ విజేతగా నిలవగా, ఇతడు 11 గోల్స్‌తో అందరికంటే ముందున్నాడు. 1970లో మెర్డేకాలో మూడవ స్థానం, అదే ఏడాది బ్యాంకాక్‌లో కాంస్యం భారత్‌కు దక్కాయి. బ్యాంకాక్ జట్టుకు కెప్టెన్ కూడా హైదరాబాదీ అయిన సయ్యద్ నయీముద్దీనే. ఆ తరువాత జరిగిన ఏ ఆసియా క్రీడలలోనూ భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు పతకం సాధించలేదు. 1980లో ప్రభుత్వం హబీబ్‌కు అర్జున అవార్డు ప్రదానం చేసింది.

ఆట విరమించిన తరువాత

ఉద్యోగాలున్న ఆటగాళ్ళకు మైదానం వదిలాక జీతం, పింఛను మిగిలేవి. ఆటనే నమ్ముకున్న హబీబ్ 1984 తరువాత శిక్షకుడయ్యాడు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోను, హల్దియాలోని అకాడమీలోను యువకులకు శిక్షణ ఇచ్చాడు. తరువాత హైదరాబాదుకు తిరిగి వచ్చాడు. కలకత్తాలో అంతటి కీర్తి పొందిన ఇతడు సొంత ఊరిలో అంతగా గుర్తింపు పొందలేదనే చెప్పాలి; ఇక్కడి పత్రికలలో అప్పటికే క్రికెట్ తప్ప మరొక ఆటకు చోటు తగ్గిపోయింది. చివరి సంవత్సరాలలో మతిమరుపు, పార్కిన్సన్ వ్యాధులతో బాధపడి, 74 ఏళ్ళ వయసులో 2023 ఆగష్టు 15న హైదరాబాదులో మరణించాడు. సికింద్రాబాదు నుండి తనకంటే ముందు కలకత్తా వెళ్ళిన తులసీదాస్ బలరాం కూడా అదే సంవత్సరం ఫిబ్రవరి 16న కోల్‌కాతాలో కన్నుమూశాడు.