తలుపు తీసి ఉంచిన ప్రోగ్రాం

ఫొటోషాప్ వంటి ప్రోగ్రాంలో 'ఫిల్టర్' మెనూ తెరిస్తే బోలెడు పేర్లు కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఆ ప్రోగ్రాం తయారుచేసిన సంస్థ రాసినవి కావు. ఎవరో బయటివారు రాయగా, మనం తర్వాత చేర్చుకున్నవి. ఒకరి ప్రోగ్రాంలో మరొకరి పనితనం ఎలా ఇమిడింది?

1987లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ నోల్ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. ఆయన వాడే మెకింతోష్ ప్లస్ తెర నల్ల, తెల్ల చుక్కలను మాత్రమే చూపేది. దానిపై బూడిదరంగు ఛాయలు కనిపించేలా ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. సినిమాలకు ట్రిక్ దృశ్యాలు రూపొందించే సంస్థలో పనిచేస్తున్న తమ్ముడు జాన్ దాని విలువను పసిగట్టాడు. అన్నదమ్ములు కలిసి పెంచిన ఆ ప్రోగ్రామే 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థ ద్వారా ఫొటోషాప్‌గా వెలువడింది.

ఫిల్టర్ అంటే నిజానికి లెక్కే. కంప్యూటర్‌కు చిత్రమంటే అంకెల పట్టిక. ముఖం మీద ఒక మచ్చ విలువ 90, చుట్టూ ఉన్న ఎనిమిది చుక్కల విలువ 180 చొప్పున ఉందనుకుందాం. మొత్తం తొమ్మిదింటి సగటు 170. మచ్చ స్థానంలో 170 వేస్తే అది చుట్టుపక్కల రంగులో దాదాపు కలిసిపోతుంది. లెక్క మారితే ఫలితమూ మారుతుంది.

ఇలాంటి లెక్కలను జాన్ విడి ఫైళ్లుగా రాశాడు. చిత్రాలు దిద్దే గంభీరమైన సాధనంలో ఈ గారడీ ఎందుకని అడోబీలో కొందరు పెదవి విరిచారు. అయినా ఆ ఏర్పాటు నిలిచింది. ఫ్యాన్ తయారుచేసేవారికి విద్యుత్ కేంద్రం లోగుట్టు తెలియనక్కరలేదు, ప్లగ్ కొలత తెలిస్తే చాలు. ఇదీ అంతే. అందుకే దీనికి 'ప్లగ్-ఇన్' అన్న పేరు తగింది. ఫైలును ప్లగ్-ఇన్‌ల ఫోల్డర్‌లో పెట్టి ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టాలి. అది ఆ ఫోల్డర్‌ను వెతికి, కొత్త పేరును మెనూలో చేరుస్తుంది. 1992లో వచ్చిన 'కైస్ పవర్ టూల్స్' వంటి ఫిల్టర్లు ఇలా వేరే సంస్థల నుంచి వచ్చినవే.

అయితే అతిథి బతుకు ఆతిథ్యమిచ్చే ఇంటిని బట్టే ఉంటుంది. ఫొటోషాప్ ఫిల్టర్ ఆ ప్రోగ్రాం జ్ఞాపకశక్తిలోనే కూర్చుని పనిచేస్తుంది. అందులో లోపముంటే మొత్తం ప్రోగ్రామే ఆగిపోవచ్చు, భద్రపరచని పని పోవచ్చు. ఫొటోషాప్ 2008లో విండోస్‌పై, 2010లో మెకింతోష్‌పై 64 బిట్ల రూపంలో వచ్చింది. 32 బిట్ల పాత ఫిల్టర్లను ఆ రూపం స్వీకరించలేదు. తయారీదారులు తిరిగి రాసినవి బతికాయి. వారు వదిలేసినవి, డబ్బు పెట్టి కొన్నవైనా సరే, 32 బిట్ల రూపానికే పరిమితమయ్యాయి.

1996లో ప్రజలకు అందిన 'గింప్' మరో దారి పట్టింది. బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ రాసిన ఈ ఉచిత ప్రోగ్రాంలో ప్లగ్-ఇన్ విడిగా నడుస్తుంది. అది కూలినా సాధారణంగా గింప్ నిలబడుతుంది. మూలరూపం అందరికీ అందుబాటులో ఉన్న ప్లగ్-ఇన్‌ను, రాసినవారు వదిలేసినా, తెలిసినవారు మరమ్మతు చేసుకోవచ్చు.

కాబట్టి కొత్త ఫిల్టర్ చేర్చుకునేటప్పుడు అది ఏం చేస్తుందో చూడటంతోపాటు, రేపు దాన్ని ఎవరు బాగుచేస్తారో కూడా అడగండి.