పాత పవర్ టిల్లరు – సంరక్షణ, మరమ్మతు, వాడకం

హోసూరు, ములబాగలు, పావగడ వైపు తెలుగు పల్లెల్లో ఇరవై ఏండ్లకు పైబడిన పవర్ టిల్లర్లు నేటికీ కనిపిస్తాయి. కొన్ని మల్బరీ తోటల్లోను, టమాట చాళ్ళలోను పనిచేస్తున్నవి. మరికొన్ని కొట్టం మూలన తుప్పు పట్టి, పాత ఇనుము కొనేవారి కొరకు ఎదురుచూస్తున్నవి. ఒకే సంవత్సరంలో కొన్న రెండు యంత్రాలకు ఈ తేడా రావడానికి చాలావరకు కారణం ఆయిలు మార్పిడి, గాలి శుద్ధి, బెల్టుల బిగువు వంటి చిన్న పనులే. యంత్రంతో ఇచ్చిన పుస్తకం ఆంగ్లంలోనో, కన్నడంలోనో, తమిళంలోనో ఉండుట వలన, ఇంట తెలుగు చదివే పెద్దలకు ఆ పనులు తెలియకుండా పోతున్నవి. అందుకే వాటిని ఇక్కడ ఒకచోట చేర్చి వివరిస్తున్నాము.

యంత్ర పరిచయం

అమెరికాలో ఇంటి తోటల కొరకు వాడే నాలుగు చక్రాల చిన్న యంత్రాన్ని గార్డెన్ ట్రాక్టరు అంటారు. మన చిన్న కమతాల్లో అటువంటి పనులు చేసేది రెండు చక్రాల పవర్ టిల్లరు. బెంగళూరులో 1967లో స్థాపితమైన వి.ఎస్.టి. సంస్థ జపాను మిత్సుబిషి సహకారంతో వీటిని తయారుచేసినది. కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో 1973లో ఏర్పడి, కుబోటా సాంకేతిక సహకారంతో మరొక రకాన్ని అందించినది. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే వి.ఎస్.టి. శక్తి 130 డి.ఐ. ఇంజను శక్తి 13 అశ్వశక్తులు.

ఈ టిల్లర్ల ఇంజనుకు పడుకొని ఉన్న ఒకే సిలిండరు ఉంటుంది. డీజిలుతో నడుస్తుంది, నీటితో చల్లబడుతుంది. ఇంజను శక్తి వి-బెల్టుల ద్వారా మెయిన్ క్లచ్‌కు, అక్కడి నుండి గేరు పెట్టెకు, ఆపై చక్రాలకు, వెనుకనున్న రోటరీ కత్తులకు చేరుతుంది. రెండు పిడుల క్రింద రెండు స్టీరింగ్ క్లచ్ మీటలు ఉంటాయి. ఎడమ మీట నొక్కిన ఎడమ చక్రానికి, కుడి మీట నొక్కిన కుడి చక్రానికి ఇంజనుతో సంబంధం తెగుతుంది. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకొనవలసినదిగా కోరుచున్నాము. ప్రాణాపాయానికి సంబంధించిన సంగతి ఒకటి దీనిపైనే ఆధారపడి ఉన్నది. దానిని వాలు నేల గురించిన భాగంలో చెప్పగలము.

చాలాకాలం నిలిచిన టిల్లరును లేపుట

ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును వెంటనే హ్యాండిలుతో త్రిప్పరాదు. ముందుగా పాత ఆయిలును, పాత డీజిలును పూర్తిగా తీసివేయవలెను. డీజిలు ట్యాంకు అడుగున నీరు, తుప్పు చేరి ఉంటాయి గనుక దానిని కడిగి, డీజిలు ఫిల్టరు మార్చవలెను. గాలి గొట్టంలోను, సైలెన్సరులోను ఎలుకలు, కందిరీగలు గూడు కట్టినవేమో చూడవలెను.

తరువాత క్రొత్త ఆయిలు పోసి, డీకంప్రెషన్ మీట ఎత్తిపట్టి, చేతితో మెల్లగా ఇరవై ముప్పై చుట్లు త్రిప్పవలెను. దీని వలన ఆయిలు బేరింగులన్నిటికీ చేరుతుంది. ఇంజను కదలకుండా బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయరాదు. నాజిల్ విప్పి ఆ రంధ్రం గుండా కొద్దిగా పలుచని ఆయిలు పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి మరల ప్రయత్నించవలెను. పోసిన ఆయిలు సిలిండరులో మిగిలియుండగా కంప్రెషన్‌తో త్రిప్పిన లోపలి భాగాలు వంగిపోతాయి. కావున నాజిల్ బిగించుటకు ముందే కొన్ని చుట్లు త్రిప్పి ఆ ఆయిలును వెలుపలికి పంపవలెను. అప్పుడు ముఖం ఆ రంధ్రానికి ఎదురుగా ఉండరాదు.

డీజిలు గొట్టాల్లో గాలి చేరిన ఇంజను అంటుకొనదు. ఫిల్టరుపైనున్న గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిలు కారేవరకు ఆగి బిగించవలెను. పంపు వద్ద కూడా అట్లే చేయవలెను. చివరగా నాజిల్ వద్ద గొట్టపు నట్టు కొద్దిగా వదులు చేసి, డీజిలు చిమ్మేవరకు హ్యాండిలు త్రిప్పి బిగించవలెను. నాజిల్ నుండి వచ్చే సన్నని ధారకు చేయి అడ్డం పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. గాయం సూది గ్రుచ్చినంతే కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళవలెను. ఆలస్యమైన వ్రేలు, ఒక్కొక్కసారి చేయి, తీసివేయవలసి వస్తుంది.

హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ళ వైపే ఉంచవలెను. ఇంజను వెనుకకు తన్నినచో హ్యాండిలు చేతినుండి జారిపోతుంది గాని మణికట్టు విరుగదు. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడుపరాదు.

పొగను బట్టి జబ్బు తెలుసుకొనుట

నల్లని పొగ: గాలి చాలకపోవుట, మోయలేని బరువు, లేదా నాజిల్ చెడుట. మొదట గాలి శుద్ధి పాత్రను చూడవలెను.

తెల్లని పొగ: చలి ఉదయాన కొద్దిసేపు వచ్చిన ఫరవాలేదు. వేడెక్కిన తరువాత కూడా వచ్చినచో డీజిలులో నీరు, కంప్రెషన్ తగ్గుట, లేక తల రబ్బరు గుండా నీరు సిలిండరులోకి చేరుట కారణం కావచ్చును.

నీలి పొగ: ఆయిలు మండుచున్నది. రింగులు లేదా వాల్వు గైడులు అరిగినవని అర్థం. ఆయిలు అధికంగా పోసినా ఇట్లే వస్తుంది.

కంప్రెషన్ పరీక్షకు యంత్రం ఏదీ అవసరం లేదు. డీకంప్రెషన్ మీట వదలి హ్యాండిలును మెల్లగా త్రిప్పిన, ఒకచోట స్ప్రింగువలె ఎదురు తన్నవలెను. ఆ బిగువు లేకుండా సాఫీగా తిరిగిన, రింగులు గాని వాల్వులు గాని పట్టు కోల్పోయినవి.

క్రమం తప్పక చేయవలసిన పనులు

చాలా టిల్లర్లకు గంటలు లెక్కించే మీటరు ఉండదు. పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి కొట్టంలో వ్రేలాడగట్టి, ఏ రోజు ఎన్ని గంటలు నడిచినది వ్రాయుట మేలు. వ్రాయుట మరచినవారు డీజిలు లెక్కతో అంచనా వేయవచ్చును. పనిని బట్టి గంటకు 1 నుండి 2 లీటర్లు ఖర్చవుతుంది.

ప్రతిరోజు: యంత్రాన్ని సమతలంపై నిలిపి ఆయిలు మట్టం, నీరు, డీజిలు చూడవలెను. కత్తుల బోల్టులు, చక్రాల నట్లు బిగించవలెను. కత్తులకు చుట్టుకొన్న గడ్డిని, తీగలను ఇంజను ఆపిన తరువాతనే తీయవలెను.

ప్రతి 50 గంటలకు: ఆయిలు పాత్ర గల గాలి శుద్ధిని విప్పి, జాలిని డీజిలులో కడిగి ఆరబెట్టి, గీత వరకు క్రొత్త ఆయిలు పోయవలెను. ఎర్ర దుమ్ములో దున్నునప్పుడు దీనిని ప్రతిరోజు చూడవలెను. గీతకు మించి పోసిన ఇంజను ఆ ఆయిలును పీల్చుకొని అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉన్నది. మా ఇంట ఒక వేసవిలో ఈ పాత్రను మరచితిమి. దుమ్ము లోనికి పోయి సిలిండరు లోపలి గోడ గీతలు పడినది. పిస్టను, రింగులు, లైనరు మార్చుటకు ఆ సంవత్సరపు రాగుల రాబడి వెళ్ళినది. మరచిన ఆయిలు పావు లీటరైనా కాదు.

ప్రతి 100 గంటలకు: ఇంజను ఆయిలు మార్చవలెను. ఇంజను వేడిగా ఉన్నప్పుడు తీసిన, మడ్డి కూడా దిగుతుంది. ఏ గ్రేడు వాడవలెనో యంత్రపు పుస్తకంలో ఉంటుంది; పుస్తకం లేనివారు ఆ కంపెనీ డీలరును అడిగి వ్రాసిపెట్టుకొనవలెను. గేరు పెట్టెకు వేరు ఆయిలు. తీసిన ఆయిలును బావి గట్టున గాని కాలువలో గాని పారబోయరాదు.

బెల్టులు: రెండు చక్రాల నడుమ బొటనవ్రేలితో నొక్కిన సుమారు 1 నుండి 2 సెంటీమీటర్లు దిగవలెను. వదులైన బెల్టు జారి కాలుతుంది; అతి బిగువైనది బేరింగును తింటుంది. ఒక బెల్టు తెగిన అన్నిటినీ కలిపి మార్చవలెను. పాత, క్రొత్త బెల్టులు కలిసిన బరువంతా క్రొత్తదానిపైనే పడుతుంది.

టైర్లు: రెండింటిలో గాలి సమానంగా ఉండవలెను. తేడా ఉన్న యంత్రం ఒక ప్రక్కకు లాగుతుంది.

కత్తులు: ఎడమవి వేరు, కుడివి వేరు. విప్పుటకు ముందు సుద్దముక్కతో గుర్తు పెట్టుకొనిన, తిరిగి బిగించునప్పుడు తప్పు జరుగదు.

నీరు: కాగిపోయిన ఇంజనులో వెంటనే చన్నీరు పోసిన తల పగులుతుంది. మెల్లగా చల్లారనిచ్చి పోయవలెను. వేడిగా ఉన్న రేడియేటరు మూత విప్పిన ఆవిరి ముఖాన చిమ్ముతుంది.

ఇంటి పని, షాపు పని

ఆయిలు, ఫిల్టర్లు, బెల్టులు, కత్తులు, క్లచ్ తీగల సర్దుబాటు, గాలి తీయుట ఇంటివద్ద చేసుకొనవచ్చును. డీజిలు పంపు, నాజిల్ ఒత్తిడి పరీక్ష, సిలిండరు బోరింగు, క్రాంకు సాన పని అందుకు తగిన పరికరాలు గల షాపుకే ఇవ్వవలెను. విడిభాగాలు కొనుటకు వెళ్ళునప్పుడు ఇంజను పలకపైనున్న నంబరు వ్రాసుకొని, పాత ముక్కను వెంట తీసుకుపోవలెను. 2000 తరువాతి సంవత్సరాల్లో చైనా టిల్లర్లు కూడా మన దేశానికి ఎక్కువగా వచ్చినవి. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం టిల్లర్ల దిగుమతిపై నియంత్రణ విధించినది. అటువంటి పాత యంత్రాన్ని కొనదలచినవారు విడిభాగాలు దొరుకు చోటును ముందే విచారించుకొనవలెను.

పాత టిల్లరు కొనునప్పుడు ఇంజను చల్లగా ఉండగా వెళ్ళవలెను. అమ్మేవారు ముందే వేడిచేసి ఉంచిన యంత్రంలో లోపాలు బయటపడవు.

తోటలో వాడకం

మల్బరీని జంట సాళ్ళ పద్ధతిలో, అనగా 5 అడుగులు, 3 అడుగులు మార్చి మార్చి నాటిన తోటలో, 5 అడుగుల వెడల్పులో టిల్లరు సులభంగా తిరుగుతుంది. తోటలో వెనుకకు వచ్చునప్పుడు రోటరీని తప్పక ఆపవలెను. చెట్టుకో గోడకో వీపు ఆనిన మనిషి ఆ పిడుల మధ్య చిక్కి కత్తుల క్రిందకు పోతాడు. వెనుక గేరులో కత్తులు తిరుగకుండా ఆపే ఏర్పాటు మీ యంత్రంలో ఉన్నచో దానిని ఎవరూ తొలగించలేదని చూచుకొనవలెను. వదులు పంచె, వ్రేలాడే తువాలు, చీర కొంగు బెల్టు దగ్గరకు రారాదు. అడుసు మడిలో ఇనుప చక్రాలు వేసినప్పుడు గట్టు ఎక్కించవలెనన్న పలక వేసి మెల్లగా ఎక్కించవలెను.

వాలు నేలపై తిరుగబడే మీట

సమతలంపై ఎడమ మీట నొక్కిన ఎడమ చక్రం శక్తి కోల్పోతుంది. కుడి చక్రం నెట్టుట వలన టిల్లరు ఎడమకు తిరుగుతుంది. ఎత్తు ఎక్కునప్పుడు కూడా అంతే.

దిగుడులో మాత్రం ఇది తలక్రిందులవుతుంది. అక్కడ యంత్రం తన బరువుకు తానే జారుతూ ఉంటుంది. ఇంజను దానిని వెనుకకు పట్టి ఆపుతూ ఉంటుంది. అప్పుడు ఎడమ మీట నొక్కిన ఎడమ చక్రం ఇంజను పట్టు వదలి వేగంగా దొర్లుతుంది. కుడి చక్రం పట్టులోనే ఉండిపోతుంది. టిల్లరు కుడికి తిరుగుతుంది. వెనుక ట్రైలరు బరువు ఉన్నచో క్షణంలో అడ్డం తిరిగి బోల్తా పడుతుంది.

మా పెదనాన్నగారు పదిహేనేండ్లు టిల్లరు నడిపిన మనిషి. ఒకనాడు చెరువు కట్ట దిగుతూ, అలవాటు చొప్పున నీటి వైపు నుండి ప్రక్కకు తిప్పుటకు మీట నొక్కినారు. యంత్రం నీటి వైపే తిరిగినది. ఆయన కాలు విరిగి, ప్రాణంతో బయటపడినారు. కారణం ఏమిటో ఆయనకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

కావున దిగుడుకు ముందే చిన్న గేరులో వేసుకొనవలెను. మధ్యలో మెయిన్ క్లచ్ నొక్కరాదు, న్యూట్రల్ చేయరాదు. స్టీరింగ్ మీటలను తాకక, పిడులను బలంగా పట్టి త్రిప్పవలెను. ట్రైలరు బ్రేకు పనిచేయుచున్నదో లేదో బయలుదేరక ముందే పరీక్షించవలెను. కూలి మీద నడిపే యువకులకు, సెలవుల్లో ఇంటికి వచ్చిన పిల్లలకు తాళం ఇచ్చే ముందు ఈ సంగతిని నేలపై గీసి చూపించవలెను.

పని లేని నెలల్లో

ట్యాంకును డీజిలుతో నింపి ఉంచిన లోపల చెమ్మ చేరదు. బెల్టులు వదులు చేసి, కత్తులకు గ్రీజు పూసి, టైర్లు నేలకు ఆనకుండా దిమ్మెలపై నిలుపవలెను. హ్యాండిలును మెల్లగా త్రిప్పి, బిగువు తగిలినచోట ఆపవలెను. అప్పుడు రెండు వాల్వులూ మూసుకొని తేమ లోనికి పోదు. పదిహేను రోజులకు ఒకసారి కొన్ని చుట్లు త్రిప్పి, మరల అట్లే నిలుపవలెను.

అచ్చు తీసుకొనగల వసతి ఉన్న పాఠకులు ఈ పుటను కొట్టం తలుపుకు అతికించుకొనగలరు. వసతి లేనివారు వాలు నేలను గురించిన భాగాన్నైనా నోటు పుస్తకం మొదటి పుటలో వ్రాసుకొనవలసినదిగా మనవి.