మాగుడు గదిలో మామిడి

కాయకూ పండుకూ నడుమ మన తెలుగులో ఎన్ని మెట్లున్నవో చూడండి: దోర, మాగుడు, పండు, మురుగుడు. ఈ కడపటి మెట్టును వాయిదా వేయడానికి పడిన పాట్లే మామిడి నిల్వ చరిత్ర అని నా అభిప్రాయం.

మా వరంగల్లు ప్రాంతపు పల్లెలలో కాయను చిక్కంతో, తొడిమ ఊడకుండా దింపేవారు. సొన కారనిచ్చి, గాలి ఆడే గదిలో వరిగడ్డి పరచి మాగవేసేవారు. దెబ్బ తగిలినది పచ్చడికి పోయేది. రోజు విడిచి రోజు గడ్డి తొలగించి మచ్చపండ్లను ఏరివేయడం ఇంటి పెద్దల పని. నా చిన్ననాడు చూచినదే ఇది.

ఒక కుళ్ళుపండు పక్కవాటిని చెరుపుతుందని వారి తలపు. అది కొంతవరకే నిజం. అసలు శత్రువు తోటలోనే లోన చేరి ఉంటుంది. పూత, పిందె దశలలో తడి తగిలినప్పుడు కొల్లెటోట్రైకం అనే శిలీంధ్రపు బీజం మొలకెత్తి తొక్కలో చొరబడి నిద్రిస్తుంది. పచ్చి తొక్కలోని రిసార్సినాల్ జాతి పదార్థాలు దానిని అణచి ఉంచుతాయి. మాగేకొద్దీ అవి తరుగుతాయి, నల్లమచ్చ లేస్తుంది. తొడిమకుళ్ళు తెచ్చే లాసియోడిప్లోడియా కొమ్మలో దాగి తొడిమ గుండా దిగుతుంది. తొడిమను కాపాడిన మన పెద్దల చేయి ఎంత తెలివైనదో!

1922లో అమెరికాలో ఫాసెట్ అనే శాస్త్రజ్ఞుడు నిమ్మజాతి కాయల కుళ్ళుకు వేడినీటి చికిత్సను ప్రకటించాడు. తరువాత అది మామిడికీ వచ్చింది: సుమారు 52 డిగ్రీల సెల్సియస్ నీటిలో 5 నుండి 10 నిమిషాలు. తొక్క కింది శిలీంధ్రం చస్తుంది, పండు బ్రతుకుతుంది. వేడి మీరితే తొక్క కమిలిపోతుంది. ఆ నీటిలో బెనోమిల్ మందు కలిపే పద్ధతి కూడ చాలకాలం నడిచింది. దాని తయారీని డ్యూపాంట్ 2001లో విరమించుకున్నది. భారతదేశం 2018లో నిషేధించింది.

మరి చల్లదనమో? ఏనుమాముల మిరపకు శీతల గిడ్డంగి పుట్టినిల్లు వంటిది. పచ్చి మామిడికి మాత్రం 12, 13 డిగ్రీలకు దిగువన తొక్క నల్లబడి, మాగే శక్తి చెడుతుంది.

ఈలోగా కార్బైడు వచ్చిపడ్డది. లేతకాయకు రంగు తెప్పించే ఈ నిషిద్ధ పదార్థం వాడకంపై 2015లో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానం తనంతట తానే విచారణ చేపట్టింది. 2016లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువును అనుమతించింది. అయితే ఇథిలీన్ మాగిస్తుందే గాని శిలీంధ్రాన్ని చంపదు. పైగా ఆ గదిలోని తేమ దానికి పండుగే. కనుక వేడినీటి స్నానం ముందు, వాయువు గది తరువాత.