హెల్సింకీ నుంచి టోక్యో ఎంత దూరం?

రెండు విమానాశ్రయాల మధ్య దూరం కనుక్కోవడం మా ప్రోగ్రామర్లకి పది లైన్ల పని. రెండు చోట్ల అక్షాంశాలూ రేఖాంశాలూ ఇస్తే హేవర్‌సైన్ ఫార్ములా కిలోమీటర్లు చెప్పేస్తుంది. వాటిని విమానం వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం. హెల్సింకీ - టోక్యోలకి అలా వచ్చే జవాబు సుమారు 7,800 కిలోమీటర్లు, అటూ ఇటూగా తొమ్మిది గంటలు. లెక్క కరెక్టే. కాకపోతే ఆ గీతలో చాలా భాగం రష్యా మీదుగా పోతుంది. ఫార్ములాకి ఆ సంగతి తెలీదు కదా!

ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో సోవియట్ యూనియన్ పరాయి విమానాల్ని తన ఆకాశంలోకి అంత తేలిగ్గా రానిచ్చేది కాదు. అందుకని 1957 ఫిబ్రవరిలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ కోపెన్‌హేగన్ నుంచి ఉత్తర ధ్రువం మీదుగా టోక్యోకి దారి తెరిచింది. మధ్యలో అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి ఇంధనం నింపుకోవాలి. ధ్రువం దగ్గర మామూలు దిక్సూచిని నమ్మలేం కాబట్టి ప్రత్యేకమైన గైరోలు వాడారు. అన్నీ కలిపి 30 గంటల పైమాటే.

1983 ఏప్రిల్‌లో ఫిన్నెయిర్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. డీసీ-10 విమానానికి అదనపు ఇంధన ట్యాంకులు పెట్టి, హెల్సింకీ నుంచి ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా టోక్యోకి నడిపారు. 13 గంటలు! ఇంత చుట్టు తిరగడం అతిజాగ్రత్త అనుకుంటున్నారా? అదే ఏడాది సెప్టెంబరు 1న యాంకరేజ్ నుంచి సియోల్ వెళ్తున్న కొరియన్ విమానం దారితప్పి సోవియట్ గగనతలంలోకి పోతే కూల్చేశారు. 269 మంది పోయారు.

తర్వాత రోజులు మారాయి. సోవియట్ యూనియన్ కూలిపోయింది, సైబీరియా దారి తెరుచుకుంది. యూరప్ సంస్థలు రష్యాకి డబ్బు కట్టి ఆ దారిన ఎగిరేవి. ప్రయాణం తొమ్మిదిన్నర గంటల్లోపుకి వచ్చింది. ఆసియాకి దగ్గరి దారి మాదేనంటూ ఫిన్నెయిర్ తన వ్యాపారమంతా దాని మీదే కట్టుకుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసింది. యూరోపియన్ యూనియన్ తన ఆకాశాన్ని రష్యా విమానాలకి మూసింది, రష్యా బదులు తీర్చుకుంది. మార్చి నుంచి ఫిన్నెయిర్ విమానాలు మళ్ళీ ధ్రువం చుట్టూ తిరిగాయి. దాదాపు 13,000 కిలోమీటర్లు, 13 గంటలు. డీసీ-10 పోయి ఎయిర్‌బస్ ఏ350 వచ్చింది, 39 ఏళ్ళు గడిచాయి, ప్రయాణ సమయం మాత్రం అక్కడికే వచ్చి ఆగింది.

ఇది మనకి దూరపు గొడవేం కాదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత పాకిస్తాన్ మన విమానాలకి గగనతలం మూసేసినప్పుడు, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. పిల్లల దగ్గరికి బయల్దేరిన మన అమ్మానాన్నలకి ఆ గంటలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

టెక్నాలజీ దూరాన్ని జయించింది అంటుంటాం. నాకైతే, ఎంత మంచి ఇంజను తయారుచేసినా ప్రయాణ సమయాన్ని తేల్చేది నడుమనున్న దేశాలతో సఖ్యతే అనిపిస్తుంది. ఆ పది లైన్ల ప్రోగ్రాంకి అక్షాంశ రేఖాంశాలతో పాటు తేదీ కూడా ఇవ్వాలన్నమాట. మీరేమంటారు?