కోరింగ వన్యప్రాణి అభయారణ్యం

కోరింగ వన్యప్రాణి అభయారణ్యం ఆంధ్ర ప్రదేశ్‌లో కాకినాడ నగరానికి దక్షిణంగా, గోదావరి నది సముద్రంలో కలిసే చోట విస్తరించిన మడ అడవి. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. తుఫానుల తాకిడి నుండి తీర గ్రామాలకు రక్షణగాను, మత్స్యకారులకు జీవనాధారంగాను ఈ అడవికి ప్రాధాన్యత ఉంది.

ఉనికి

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే ప్రధాన పాయలుగా చీలుతుంది. గౌతమి నుండి విడివడిన కోరింగ, గాడేరు పాయలు కాకినాడ అఖాతంలో కలుస్తాయి. ఈ పాయల మధ్యనున్న బురదనేలలే అభయారణ్యానికి ఆధారం. తూర్పున సుమారు 18 కిలోమీటర్ల పొడవైన ఇసుకదిబ్బ ఉంది. హోప్ ఐలాండ్ అని పిలువబడే ఈ దిబ్బ సముద్రపు అలలను అడ్డుకొని అఖాతాన్ని ప్రశాంతంగా ఉంచుతుంది.

చరిత్ర

అడవికి పేరునిచ్చిన కోరింగ గ్రామం పూర్వం నౌకా నిర్మాణానికి, విదేశీ వాణిజ్యానికి పేరుపొందిన రేవు. ఇక్కడినుండి బర్మాకు వెళ్ళిన తెలుగువారిని అక్కడ ఈ రేవు పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచేవారు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెనలో సుమారు 20,000 మంది మరణించినట్లు ఆనాటి వ్రాతలు తెలుపుతున్నాయి. 1839 నవంబరులో మరొక ఉప్పెన ఈ రేవును ముంచివేసింది. ఈ రెండవ ఉప్పెనలో 3 లక్షల మంది చనిపోయారని పలు గ్రంథాలలో కనిపించినా, ఆ సంఖ్య అతిశయోక్తి అని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఉప్పెనలకు తోడు ఇసుక మేటలు వేయడంతో కోరింగ క్షీణించి, కాకినాడ ప్రధాన రేవుగా ఎదిగింది.

వృక్షసంపద

నదినుండి వచ్చే మంచినీరు, పోటుతో వచ్చే ఉప్పునీరు కలిసే చోటనే మడ చెట్లు బాగా పెరుగుతాయి. బురదలో గాలి ఆడదు కనుక మడ జాతుల వేళ్ళు నేలను చీల్చుకొని పైకి వచ్చి శ్వాసిస్తాయి. ఉప్పుపొన్న విత్తనం చెట్టుమీదనే మొలకెత్తి, పొడవుగా ఎదిగిన తరువాత బురదలో పడి నాటుకొంటుంది. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే చూపు దెబ్బతింటుంది. కళింగ మరొక ముఖ్యమైన చెట్టు.

జంతుసంపద

అరుదైన బావురుపిల్లి ఈ అడవికి ప్రత్యేకం. ఇది నీటిలో దిగి చేపలను పట్టి తింటుంది. 2018 నాటి గణనలో వీటి సంఖ్య 115గా అంచనా వేశారు. నీటికుక్కలు, నక్కలు, లకుముకిపిట్టలు, పలురకాల కొంగలు ఇక్కడ కనిపిస్తాయి. చలికాలంలో వలసపక్షులు వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెడతాయి. రొయ్యలు, పీతలు, పండుగప్ప వంటి చేపల పిల్లలు మడ వేళ్ళ నడుమ పెరిగి, పెద్దవైన తరువాత బయటి నీళ్ళకు వెళతాయి. అందుచేత అడవి తరిగిన చోట వేట కూడా తగ్గుతుంది.

సంరక్షణ, సమస్యలు

వంటచెరకు, ఇళ్ళ కట్టుబడి కోసం చెట్లను నరకడం, పశువులను మేపడం, సమీప భూములలో రొయ్యల చెరువులు త్రవ్వడం వలన అడవికి నష్టం కలిగింది. చెట్లు నరికిన చోట నేల పల్లమై, పోటునీరు నిలిచి ఎండిపోయి, ఉప్పు పేరుకొంటుంది. అటువంటి నేలలో మొక్క మళ్ళీ మొలవదు. 1996 - 2004 మధ్య ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామ సమితులు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వించి, పోటునీరు వచ్చిపోయేటట్లు చేసి, మడ మొక్కలు నాటాయి. ఆ విధంగా కొన్ని బీడునేలలు తిరిగి అడవిగా మారాయి.

అభయారణ్యం సరిహద్దులకు వెలుపల ఉన్న మడ నేలలకు ఇంతటి రక్షణ లేదు. 2020లో కాకినాడ వద్ద ఇళ్ళ స్థలాల కోసం మడ నేలను చదును చేయడం జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వివాదమైంది. ఎగువ ఆనకట్టల వలన నది తెచ్చే ఒండ్రు తగ్గి, డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకు గురికావడం మరొక సమస్య. అడవి నిలవాలంటే చెట్లను కాపాడటంతో పాటు మంచినీరు, ఒండ్రు కూడా అందవలసి ఉంటుంది.

చేరుకొనే మార్గం

కాకినాడ - యానాం రహదారిపై కోరింగ వద్ద అటవీశాఖ సందర్శక కేంద్రం, అడవిలో నడవడానికి చెక్క వంతెన ఉన్నాయి. రామచంద్రపురం నుండి ద్రాక్షారామం, యానాం మీదుగా చేరుకోవచ్చు. పాయలలో పడవ ప్రయాణం ఆటుపోట్ల వేళలపై ఆధారపడి ఉంటుంది. సందర్శనకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.