రెండు సంతకాలు, ఒకే శరీరం: సంతాన చికిత్సలో దంపతుల నిర్ణయం

పెళ్లయిన ఏడాది నుంచే “ఏమైనా విశేషమా?” అని అడగడం మన ఇళ్లలో మామూలే. ఆ ప్రశ్న కోడలికే ఎదురవుతుంది, కొడుకును అడిగేవారు తక్కువ. వైద్యశాస్త్రం మాత్రం ఆ తేడా పాటించదు. గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా 12 నెలలు కాపురం చేసినా గర్భం రాకపోతే దాన్ని స్త్రీ లేదా పురుష పునరుత్పత్తి వ్యవస్థకు సంబంధించిన సమస్యగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొనేవారు ప్రతి ఆరుగురిలో ఒకరని 2023లో అంచనా వేసింది. చికిత్సకు వెళ్లాలన్న నిర్ణయం కాగితం మీద దంపతులిద్దరిదే అయినా, ఆచరణలో దాని బరువు భార్య మీదే పడుతోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పరీక్షల వరస

ఎవరికి ముందు పరీక్ష చేస్తారన్న దగ్గరే అసమానత మొదలవుతుంది. భార్యకు స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే నొప్పి కలిగించే ఎక్స్‌రే వరసగా జరిగిపోతాయి. భర్తకు కావలసింది రెండు నుంచి ఏడు రోజుల నిగ్రహం తరువాత ఇచ్చే వీర్య నమూనా. నొప్పి లేదు, ఖర్చు స్వల్పం. అయినా “నాకేం లోపం? ముందు నువ్వు చూపించుకో” అన్న మాటతో నెలలు గడిచిపోతాయి. సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో పురుషుడి వైపు కారణం విడిగానో, భార్య వైపు కారణంతో కలిసో ఉంటుంది. 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత మరింత వేగంగా తగ్గుతాయి. భర్త వాయిదా వేసిన ప్రతి నెలకూ మూల్యం భార్య వయసే.

చికిత్స భారం

లోపం భర్తదే అయినా మందు భార్య శరీరానికే. ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతితో తొలి గర్భధారణలను 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ప్రకటించారు. తీవ్రమైన పురుష వంధ్యత్వానికి అది పెద్ద పరిష్కారం. కానీ అందుకు భార్య రోజూ పొట్టకు ఇంజెక్షన్లు పొడిపించుకోవాలి, పదే పదే లోపలి స్కాన్‌కు పడుకోవాలి, మత్తులో అండాలు తీయించుకోవాలి. ఈ పంపకం కొత్తది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. వేసెక్టమీ ఒక్క శాతానికి కూడా చేరలేదు. పిల్లలు చాలనుకున్నా, కావాలనుకున్నా ఆపరేషన్ బల్ల ఎక్కేది ఆమే.

చట్టం చెప్పేది

2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన మహిళ దాత అండంతో కవలలకు జన్మనిచ్చినప్పుడు వయోపరిమితిపై దేశమంతా చర్చ జరిగింది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం స్త్రీకి 21–50, పురుషుడికి 21–55 ఏళ్లుగా పరిమితి విధించింది. ఫలితం వచ్చే అవకాశం, ఖర్చు, ప్రమాదాలు ముందే వివరించాలని, రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని ఆదేశించింది. పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టేలోపు దంపతుల్లో ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. ఇది విలువైన హక్కు. అయితే ఒక్క విడతకే లక్ష దాటే ఖర్చుకు నగలు తాకట్టు పెట్టాక, అత్తగారు పక్కనే కూర్చున్నప్పుడు, “ఇక చాలు” అనగలిగే కోడలు ఎంతమంది?

ముగింపు

ఆ మాట అనగలిగే వీలు చికిత్సకు ముందే ఏర్పడాలి. అందుకు మూడు మార్పులు అవసరం. మొదటి సందర్శనలోనే ఇద్దరికీ పరీక్షలు రాయాలి. కౌన్సెలింగ్‌లో భార్యతో కొంతసేపు ఏకాంతంగా మాట్లాడాలి. తొలి ఇంజెక్షన్‌కు ముందే ఎన్ని విడతలు, ఎంత ఖర్చు, దాత అండం లేదా వీర్యం సమ్మతమేనా, దత్తతకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి అన్నవి దంపతులు రాసుకోవాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. భర్త ముందుగా పరీక్షకు రావడం, ఆగుదామని భార్య అన్నప్పుడు ఇల్లంతా ఆ మాటను మన్నించడం జరిగిననాడే ఆ నిర్ణయాన్ని దంపతుల నిర్ణయం అనగలం.