గ్రాంట్ కాగితంలోని మాటలు

గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గోపనపల్లిలో టీఐఎఫ్ఆర్ క్యాంపస్. ఈ రెండు చోట్లా ఫిజిక్స్ స్కాలర్లకు విదేశీ కాన్ఫరెన్సు అనగానే సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు) ట్రావెల్ గ్రాంట్ గుర్తొస్తుంది. 2023 చట్టంతో సెర్బ్ వెళ్లి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్)‌లో కలిసినా నోటికి పాత పేరే వస్తుంది. ఇలాంటి గ్రాంట్ కాగితాల్లో కనిపించే మాటలకు ఇది వ్యాఖ్యానం.

"అంగీకార పత్రం": వినడానికి వెళ్తానంటే డబ్బివ్వరు, పేపర్ చదవాలి. సబబే. కానీ కాన్ఫరెన్సుల్లో అసలు పని చాలావరకు కాఫీ బల్లల దగ్గరే జరుగుతుంది. ఆ కబుర్ల విలువ పాకిస్తానీ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాంకు తెలుసు. కేంబ్రిడ్జి నుంచి 1951లో లాహోర్ వచ్చి, తన లెక్క గురించి మాట్లాడేందుకు మనిషి లేక సతమతమయ్యాడు. 1954లో తిరిగి వెళ్లిపోవడానికి అదీ ఒక కారణం. 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో ఐసీటీపీ అనే భౌతికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించాడు. వర్ధమాన దేశాలవాళ్లు స్వదేశంలో ఉద్యోగం వదులుకోకుండానే అక్కడికి వచ్చి కొన్నాళ్లు పనిచేసుకుని పోవచ్చు. వాళ్ల ప్రయాణానికి సాయం చేయడం కూడా ఆ సంస్థ పనుల్లో భాగం.

"ఎకానమీ క్లాస్, దగ్గరి దారి": వివరించేందుకు పెద్దగా ఏమీ లేదు. సర్కారు సొమ్ముతో వెళ్లేవాళ్లు ఒకప్పుడు ఎయిరిండియానే ఎక్కాలి. 2022లో అది టాటాల చేతికి వెళ్లింది. ఇప్పుడు ఏ విమానమైనా ఎక్కొచ్చు, టికెట్టు మాత్రం బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీలలో ఏదో ఒకచోట కొనాలి.

"రిజిస్ట్రేషన్ ఫీజు": సెర్బ్ పద్ధతిలో 35 ఏళ్లలోపు వారికే ఇచ్చేవారు.

"వీసా ఫీజు": ఫీజు ఇస్తారు, వ్యవధి ఎవరిస్తారు? 2023లో అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకూ, వేలిముద్రల కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కూ మారాయి. క్యాంపస్ నుంచి దూరం తగ్గింది, అంతే. ఇంటర్వ్యూలో 221-జి కాగితం చేతికొస్తే అదనపు తనిఖీ తేలేదాకా ఆగాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఈ కాగితం పరిచయమే. కాకపోతే వాళ్ల ప్రాజెక్టు నెల ఆగగలదు, కాన్ఫరెన్సు తేదీ ఆగదు.

"రీయింబర్స్‌మెంట్": కాగితం మొత్తానికీ కీలకం ఇదే. ముందు మీరు ఖర్చు పెట్టండి, వచ్చాక బిల్లులు, బోర్డింగ్ పాసులు, హాజరు సర్టిఫికెట్ జతచేయండి, అప్పుడిస్తాం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నెలకు 37,000 రూపాయలు. అమెరికాకు రానూపోనూ టికెట్టు ఒక నెల ఫెలోషిప్‌కు అందేది కాదు. ఇక మిగిలింది నాన్ననడగడం, క్రెడిట్ కార్డు గీకడం, గైడు దయ. అదే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తూ విదేశీ క్లయింటు దగ్గరికి వెళ్లే ఇంజనీరుకు సాధారణంగా కంపెనీ ట్రావెల్ డెస్కే టికెట్టు కొనిపెడుతుంది, చేతిలో ఫారెక్స్ కార్డు కూడా పెడుతుంది. జీతం తక్కువైనవాడినే ముందు పెట్టుబడి పెట్టమనడం నాకు మింగుడుపడదు. మంజూరు ప్రతిభ చూసే ఇచ్చారనుకుందాం. దాన్ని వాడుకోగలిగేది ఇంట్లో డబ్బున్నవాడే.

ఎలాగూ టికెట్టు ఏజెంట్లను సర్కారే నిర్ణయించింది కదా, వాళ్లకు సంస్థే నేరుగా డబ్బు కట్టి తర్వాత గ్రాంటులోంచి రాబట్టుకోవచ్చు. స్కాలర్ వెళ్లలేకపోతే ఆ సొమ్ము ఎవరు కడతారని అకౌంట్స్ సెక్షన్ అడుగుతుంది, అడగాలి కూడా. ఇప్పుడైతే 221-జి తగిలి విమానం తప్పిపోయినవాడు టికెట్ రద్దు ఖర్చు తన జేబులోంచే పెట్టుకుంటున్నాడు.